విశేషణం లోపల ఒక వాక్యం

ఇంగ్లీషు మాట్లాడేవాడు టీ ఒక గుక్క తాగి "ఇట్స్ నైస్ అండ్ హాట్" అంటాడు. బడిలో నేర్పిన లెక్క ప్రకారం 'అండ్' రెండు సమానమైన సంగతులను కలపాలి. అంటే టీ బాగుంది, టీ వేడిగా ఉంది అన్నమాట. కానీ ఆ మనిషి ఉద్దేశం అది కాదు. వేడి తనకు కావలసినట్టు కుదిరిందని అతను చెబుతున్నాడు. 'నైస్' ఇక్కడ టీని వర్ణించడం మానేసి 'హాట్'కు ఊపునిస్తోంది. రెంటినీ తారుమారు చేసి "హాట్ అండ్ నైస్" అంటే ఆ అర్థం పోతుంది. టీ అనే మాటకు ముందు పెట్టి "ఎ నైస్ అండ్ హాట్ టీ" అన్నా వాళ్ళ చెవికి తేడాగానే తగులుతుంది. "గుడ్ అండ్ రెడీ", "నైస్ అండ్ స్లో" కూడా ఈ జాతివే. రాండాల్ఫ్ క్వర్క్ మరో ముగ్గురితో కలిసి 1985లో వెలువరించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం వీటిని అసలు సముచ్చయాలతో కలపలేదు. సముచ్చయం వేషం వేసుకున్న వాటిగా విడిగా లెక్కగట్టింది.

వాడుక ఇంగ్లీషులో విశేషణం వెనకాల ఇలాంటి కలుపుమాట రావడం మామూలు విషయం. "గ్లాడ్ దట్ యు కేమ్", "సో టయర్డ్ దట్ ఐ కాంట్ మూవ్", "స్మాల్ బట్ క్విక్". వరస ఎప్పుడూ ఒక్కటే. గుణం ముందు, ముడి మధ్యలో, అసలు సంగతి ఆఖర్న.

ఇప్పుడు ఇవే భావాలను పెనుగంచిప్రోలులో ఎలా చెబుతారో చూద్దాం. మున్నేరు ఒడ్డున, తిరుపతమ్మ గుడి చుట్టూ అల్లుకున్న ఊరు అది. జగ్గయ్యపేట, నందిగామ దగ్గరి పట్నాలు. 2022 దాకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, ఆ తర్వాత ఎన్టీఆర్ జిల్లా. ఉత్తరాన కాస్త దూరం పోతే ఖమ్మం పొలిమేర. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించినప్పుడు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు మధ్య మండలంలోకి వచ్చాయి, తెలంగాణ ఉత్తర మండలమైంది. ఆ రెంటికీ సరిహద్దు ఈ ఊళ్ళ మీదుగానే పోతుంది. ఇక్కడివాళ్ళ నోట ఆ భావాలు ఇలా వస్తాయి: "టీ వేడివేడిగా ఉంది." "నువ్వొచ్చినందుకు సంతోషంగా ఉంది." "కదల్లేనంత అలుపొచ్చింది." "చిన్నదైనా చురుకైంది."

నాలుగింటిలో ఎక్కడా విడిగా నిలబడే కలుపుమాట లేదు. అయినా అర్థంలో ఏదీ తగ్గలేదు. మరి ముడి ఎక్కడికి పోయింది?

ఎర్ర కాయా, కాయ ఎర్రా

ముందు విశేషణం సంగతి తేల్చుకోవాలి. ఈ మెట్ట చేలల్లో మిరప బాగా పండుతుంది కాబట్టి దాన్నే తీసుకుందాం. "ఎర్ర కాయ" అంటాం. తిప్పి "కాయ ఎర్ర" అంటే మాట సగంలో తెగిపోయినట్టుంటుంది. "కాయ ఎర్రగా ఉంది" అనో, "ఎర్రది" అనో అనాలి. ఇంగ్లీషులో 'రెడ్' కాయకు ముందూ వెనకా కూడా చెల్లుతుంది. మన 'ఎర్ర' ముందు మాత్రమే నిలుస్తుంది. వెనక్కి పోవాలంటే దానికి తోడు కావాలి.

ఆ తోడు ఎవరన్నదే అసలు విషయం. 'ఎర్రగా'లోని 'గా' మొదట్లో 'అగు' అనే క్రియకు చెందిన రూపం. 'కా' అన్నది 'గా' అయింది. తమిళంలో ఈ స్థానంలో 'ఆక' ఉంటుంది, అదీ 'అగు' అనే అర్థమున్న క్రియలోంచి వచ్చిందే. ఇక 'అందమైన', 'ఘాటైన', 'లోతైన', 'బలమైన' అనే మాటలను విడదీస్తే ప్రతిదాంట్లో ఒక నామవాచకం, దాని పక్కన 'అయిన' కనిపిస్తాయి. ఘాటు అయిన కాయ, లోతు అయిన బావి. 'అయిన' కూడా ఆ క్రియ బిడ్డే. అంటే మనం ఒక్క విశేషణం అనుకుంటున్నది నిజానికి ఒక పొట్టి వాక్యం. నామవాచకమూ క్రియా లోపలే ఉన్నాయి.

క్రియ సాయం లేకుండా నిలబడే అచ్చ తెలుగు విశేషణాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని: మంచి, చెడ్డ, పెద్ద, చిన్న, కొత్త, పాత, ఎర్ర, నల్ల, తెల్ల, పచ్చ, ఇంకా కొన్ని. ఇది మన ఒక్కరి వింత కాదు. ఆస్ట్రేలియాలో పనిచేసిన భాషావేత్త ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ 1977లో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశాడు. కొన్ని భాషల్లో విశేషణాలు చాలా తక్కువగా ఉంటాయి. అలా తక్కువ ఉన్న చోట అవి ఎక్కువగా నాలుగు రకాల అర్థాల్లోనే ఉంటాయని చూపించాడు. అవి పరిమాణం, వయసు, మంచిచెడు, రంగు. పైన చెప్పుకున్న తెలుగు జాబితాను ఈ నాలుగు గళ్ళలో సర్దితే ఒక్కటీ మిగలదు.

రంగులు వేసిన...

పొట్టి వాక్యం విశేషణమైతే, పొడుగు వాక్యం కూడా కావచ్చు కదా. అవుతుంది. తిరుపతమ్మ గుడిలో ఒక ఆచారం ఉంది. రెండేళ్ళకోసారి విగ్రహాలను రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకెళ్తారు. రంగులయ్యాక ఉత్సవంగా తిరిగి తెస్తారు. ఆ సందర్భంలో జనం మాట్లాడుకునే ముక్కలు చూడండి.

రంగులు వేసిన విగ్రహాలు. రంగులు వేసిన చెయ్యి. రంగులు వేసిన కుంచె. రంగులు వేసిన ఊరు. రంగులు వేసిన రోజు.

'రంగులు వేసిన' అయిదు చోట్లా మారలేదు. కానీ మొదటిదాంట్లో రంగు పడింది విగ్రహం మీద. రెండోదాంట్లో చెయ్యి పని చేసింది. మూడోది పనిముట్టు, నాలుగోది చోటు, అయిదోది కాలం. ఇంగ్లీషులో ఒక్కోదానికి 'దట్', 'విత్ విచ్', 'వేర్', 'వెన్' అని వేరు వేరు ముళ్ళు వేయాలి. తెలుగు క్రియ తోకకు 'ఇన' తగిలించి ఊరుకుంటుంది. వేసింది ఎవరు, వేయించుకున్నది ఏది అన్నది వినేవాడు తన లోకజ్ఞానంతో పూరించుకుంటాడు. కుంచె రంగు వేయించుకోదని, ఊరు కుంచె పట్టదని మనకు తెలుసు.

పరవస్తు చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో ఇలాంటి మాటలను ధాతుజ విశేషణాలన్నాడు, ధాతువులోంచి పుట్టిన విశేషణాలని. వీటికి కాలం ఉంది: వేసిన, వేస్తున్న, వేసే. నిషేధం ఉంది: వేయని. కానీ నేను, నువ్వు, వాడు అనే తేడా లేదు. ఆ తేడా వదిలేసినందువల్లే క్రియ పూర్తి వాక్యంగా నిలవలేక, వెనకాల వచ్చే నామవాచకాన్ని పట్టుకుంటుంది. 'వేయని'కి మరో విచిత్రం, అది కాలాన్ని కూడా వదిలేస్తుంది. నిన్న వేయని రంగైనా, రేపు వేయని రంగైనా మాట ఒక్కటే.

ఇంత పొదుపుకు ఒక ఖర్చు ఉంది. "నమ్మిన మనిషి" అంటే నమ్మినవాడా, నమ్మకం పొందినవాడా? "నమ్మిన మనిషే మోసం చేశాడు" అంటే రెండోది, "దేవుణ్ణి నమ్మిన మనిషి" అంటే మొదటిది. పక్కన మరో మాట పడితే గాని తేలదు. అయినా నిత్య వ్యవహారంలో దీనివల్ల తగాదాలు వచ్చిన దాఖలా లేదు.

ఇంకో మెట్టు ఎక్కుదాం. "మిరపకాయలు వేగిన ఘాటు." "బస్సు వచ్చిన చప్పుడు." ఇక్కడ ఘాటు వేగలేదు, వేయించలేదు. ఆ వేగడంలో దానికి ఏ పాత్రా లేదు, వేగితే పుట్టింది అంతే. ఇంగ్లీషు సంబంధ సర్వనామాలతో దీన్ని చెప్పే దారే లేదు. జపాను భాషలో చేప కాల్చిన వాసనకు కూడా ఇదే నిర్మాణం ఉంది. యోషికో మత్సుమోతో 1997లో వెలువడిన పుస్తకంలో జపాను వాక్యాలను పరిశీలించి, ఇలాంటి చోట నామవాచకానికీ వాక్యానికీ మధ్య వ్యాకరణం వేసే ముడి కన్నా అర్థం వేసే ముడే ప్రధానమని వాదించింది. తర్వాత ఆమె, బెర్నార్డ్ కామ్రీ మరికొందరితో కలిసి, యూరేషియా భాషల్లో ఈ పద్ధతి ఎంత దూరం పరుచుకుందో పరిశీలించారు. ఈ పద్ధతి కనబడే జపాను, కొరియా, ద్రావిడ భాషలకు చుట్టరికం రుజువు కాలేదు. కానీ మూడింట్లోనూ క్రియ వాక్యం చివరే ఉంటుంది.

ఆ పోలిక యాదృచ్ఛికం కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ముప్పై భాషలను పక్కపక్కన పెట్టి చూశాడు. క్రియ చివర పెట్టే భాషలు విభక్తులను కూడా నామవాచకం వెనకే పెడతాయని, వర్ణించే వాక్యాన్ని నామవాచకం ముందు పెట్టే అలవాటు ఎక్కువగా ఈ గుంపులోనే కనబడుతుందని తేల్చాడు. తెలుగు ఈ గుంపుకు చక్కని ఉదాహరణ.

సంతోషానికి రెండు దారులు

మళ్ళీ 'గ్లాడ్ దట్' దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో మనసులోని స్థితి ముందు, దాని కారణం వెనక. తెలుగులో కారణం ముందు వస్తుంది. కానీ అది వచ్చే తీరు ఒక్కటి కాదు. ఈ రెండు వాక్యాలు చూడండి.

ధర పెరిగినందుకు సంతోషపడ్డాడు.

ధర పెరిగిందని సంతోషపడ్డాడు.

మిరప రైతు గురించే అనుకుందాం. మొదటి వాక్యంలో ధర నిజంగా పెరిగింది. రెండోదాంట్లో పెరిగిందని అతను అనుకున్నాడు, నిజమేమిటో వాక్యం పూచీ పడదు. పరీక్ష తేలిక. రెండిటి చివరా "తీరా యార్డుకు పోతే పెరగనే లేదు" అని చేర్చండి. రెండోదానికి అతుకుతుంది. మొదటిదానికి చేరిస్తే వినేవాడు "మరి పెరిగినందుకన్నావు?" అని నిలదీస్తాడు.

వాస్తవాన్ని ముందే ఒప్పుకునే ఉపవాక్యాలు, ఒప్పుకోనివి అనే ఈ విభజనను పాల్ కిపార్‌స్కీ, కెరోల్ కిపార్‌స్కీ 1970లో ప్రసిద్ధమైన ఒక వ్యాసంలో చర్చించారు. ఇంగ్లీషులో ఆ తేడా ఎక్కువగా క్రియల, విశేషణాల అర్థంలో దాగి ఉంటుంది. ముడి మాత్రం రెండు చోట్లా 'దట్' కావచ్చు. తెలుగులో సంతోషపడ్డాడు అనే మాట మారకుండానే దాని ముందున్న తోక తేడాను చూపిస్తుంది. 'అందుకు' జరిగిన సంగతిని పట్టుకుంటుంది. 'అని' తలలో మెదిలిన మాటను పట్టుకుంటుంది.

భయం విషయంలో ఇది మరింత స్పష్టం. వానాకాలంలో "మున్నేరు పొంగుతుందని భయంగా ఉంది" అంటారు. ఇంకా పొంగని ఏరు కాబట్టి 'అని' తప్ప గత్యంతరం లేదు. భయం, అనుమానం, ఆశ ఎప్పుడూ 'అని'ని వెంటబెట్టుకొని తిరిగేది అందుకే. జరగనివాటిని మోయగలిగే తోక అదొక్కటే.

ఎంతంటే

'సో టయర్డ్ దట్' అనే నమూనాకు తెలుగులో రెండు దారులున్నాయి. మొదటిది మనకు సహజమైన వరస: "కదల్లేనంత అలుపు", "కళ్ళు తెరవలేనంత ఎండ", "ఇసకేస్తే రాలనంత జనం". వాక్యమంతా 'అంత' అనే కొలపాత్రలో కూర్చుని నామవాచకం ముందు నిలుస్తుంది. తిరణాల జనాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదే వాటం.

రెండో దారి, చెప్పేది పొడుగ్గా ఉన్నప్పుడు. "జనం ఎంత ఉన్నారంటే, మున్నేటి ఒడ్డు నుంచి గుడి దాకా పోవడానికి పూట పట్టింది." ఇక్కడ గుణం ముందుకొచ్చింది, వివరం వెనక్కి పోయింది, ఇంగ్లీషు వరసలాగే. కానీ దట్ లాంటి మాట అరువు తెచ్చుకోలేదు. మాట్లాడేవాడు తనకు తానే ప్రశ్న వేసుకుని, 'అంటే' అని ఎదుటివాడి నోట పెట్టి, తనే జవాబు చెబుతున్నాడు. 'ఎందుకంటే', 'ఏంటంటే', 'ఎలాగంటే' అన్నీ ఈ అచ్చులో పోతపోసినవే. ముందు పెట్టాల్సిన సంగతి మరీ బరువైనప్పుడు దాన్ని వెనక్కి తోసే వెసులుబాటు ఇది.

ఇక 'నైస్ అండ్ హాట్' ఉంది. గుణాన్ని పెంచడానికి మనం రెండో గుణాన్ని తీసుకురాం, ఉన్నదాన్నే మళ్ళీ అంటాం. వేడివేడిగా, ఎర్రెర్రగా, చిన్నచిన్న. మొట్టమొదట, పట్టపగలు, చిట్టచివర అనేవి ఇంకా పాత పద్ధతి. వీటిలో మొదటి ముక్క తన రూపం పోగొట్టుకుని రెట్టించిన 'ట'తో ముగుస్తుంది. చిన్నయసూరి దీనికి ప్రత్యేకంగా సూత్రం రాశాడు. అన్వితా అబ్బి 1992 నాటి తన పుస్తకంలో చూపినట్టు ఇలా మాటను రెట్టించడం ఒక్క ద్రావిడ కుటుంబంలోనే కాదు, దక్షిణాసియా అంతటా కుటుంబాల గోడలు దాటి పరుచుకున్న లక్షణం. టీకొట్టు దగ్గర వేడివేడిగా అన్న మాటలో ఆ ఉపఖండపు అలవాటంతా ఉంది.

పదవీ విరమణ చేసిన క్రియలు

తెలుగులో కలుపుమాటలు అసలే లేవంటే అబద్ధం. అయితే, కానీ, కాబట్టి, అంటే, అని, అయినా, లేకపోతే, రోజూ వాడుతూనే ఉన్నాం. వీటిని ఒక్కొక్కటే విప్పి చూస్తే అన్నీ ఒకప్పటి క్రియలే. అయితే, అయినా, కానీ, కాబట్టి 'అగు' ఇంటివి. అని, అంటే 'అను' ఇంటివి. లేకపోతే రెండు క్రియల జంట. చేసే పని మానేసి, వాక్యాలను కలిపే కొలువులో చేరాయి.

నిండు అర్థమున్న మాట క్రమంగా వ్యాకరణం పనిముట్టుగా మారడాన్ని వ్యాకరణీకరణం అంటారు. ఫ్రెంచి భాషావేత్త ఆంత్వాన్ మెయ్యే 1912లో ఈ మార్పుకు పేరు పెట్టాడు. ఇంగ్లీషు 'బికాజ్' కూడా 'బై కాజ్' అనే రెండు మాటల కలయికే. కానీ ఇంగ్లీషు తన కలుపుమాటలను నామవాచకాల నుంచి, సర్వనామాల నుంచి, విభక్త్యర్థకాల నుంచి, నానా చోట్ల నుంచి పోగుచేసుకుంది. తెలుగు దాదాపు అన్నింటినీ క్రియల గాదెలోంచే తీసింది. కారణం ఊహించడం కష్టం కాదు. మన వాక్యంలో ఒక సంగతి ముగిసే చోట ఎప్పుడూ క్రియే ఉంటుంది. ముడి పడాల్సిన తావులో నిలబడి ఉన్నది అదే కాబట్టి, ముడి పని కూడా దానికే పడింది.

పూలదండలో పూలు వేరు, దారం వేరు. జడలో దారం ఉండదు, పాయలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇంగ్లీషు వాక్యం దండ, తెలుగు వాక్యం జడ. గుడికి పోయిన మనిషి "పొద్దున్నే లేచి, మున్నేట్లో మునిగి, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, పన్నెండింటి బస్సెక్కి వచ్చేశా" అంటుంది. అయిదు పనులు, ఒక్క 'మరియు' లేదు. ఒక్క చివరి క్రియకే 'నేను' అనే గుర్తు పడింది. చిన్నయసూరి క్త్వార్థకమన్న 'లేచి, మునిగి' లాంటి రూపాలు పాయలు. వీటికి ఒక కట్టుబాటు ఉంది, పనులన్నీ ఒకే కర్తవి కావాలి. "అన్న వచ్చి తమ్ముడు వెళ్ళాడు" అనం, "అన్న వచ్చాక" అంటాం. కానీ "వాన పడి చేను మునిగింది" అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. మొదటి పని రెండోదానికి కారణమైతే కట్టుబాటు సడలుతుంది.

ఖమ్మం జిల్లాలో పుట్టిన చేకూరి రామారావు 1975లో 'తెలుగు వాక్యం' అనే పుస్తకంలో ఈ అల్లికను ఆధునిక భాషాశాస్త్ర పద్ధతిలో తెలుగులోనే వివరించాడు. బడి పుస్తకాల్లో పిల్లలు నేర్చుకునే సామాన్య, సంశ్లిష్ట, సంయుక్త వాక్యాల పాఠం ఇలాంటి అల్లికల గురించే. అసమాపక క్రియలతో అల్లుకున్నది సంశ్లిష్టం, సమప్రాధాన్యమున్న వాక్యాలు కలిసినది సంయుక్తం.

ధనంబోడు రాయి

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. జేమ్స్ బర్జెస్ 1882లో అక్కడ తవ్వకాలు జరిపాడు. దొరికిన స్తంభ శాసనాలు మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏటివి, భాష ప్రాకృతం. సిద్ధార్థుడనే శిల్పి కుటుంబమంతటితో కలిసి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టినట్టు వాటిలో ఉంది. కుటుంబాన్ని చెప్పేటప్పుడు అతను 'తల్లిని ముందుంచుకొని' అని మొదలుపెట్టాడు. ఆ 'ఉంచుకొని' ప్రాకృత క్త్వార్థకం. తెలుగులోకి మాటకు మాట దిగుతుంది. ఇంగ్లీషులోకి అంత సహజంగా దిగదు.

ప్రాకృతం, సంస్కృతం ఇండో యూరోపియన్ కుటుంబానివి. అయినా క్త్వార్థకంతో పనులను గొలుసుకట్టడం, చెప్పిన మాట చివర 'ఇతి' పెట్టడం వాటికి బాగా అలవాటు. మన 'అని'కీ 'ఇతి'కీ ఉన్న పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎఫ్.బి.జె. కైపర్ 1967లో ఈ వాడుకలు సంస్కృతంలో పెరగడానికి ద్రావిడ భాషల సాంగత్యమే కారణమన్నాడు. అవి లోపలి నుంచే ఎదిగి ఉండవచ్చని హాన్స్ హాక్ 1975లో ఆక్షేపించాడు. వాదం నడుస్తూనే ఉంది. కుటుంబాలు వేరైనా పక్కపక్కన బతికిన భాషలు వాక్యపు అల్లికను పంచుకుంటాయని, ఆ లెక్కన భారతదేశం ఒక భాషామండలమని మర్రే ఎమెనో 1956లో ప్రతిపాదించిన మాటను మాత్రం ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు.

నడిచొచ్చిన రుజువు ఒకటి మన మధ్యే ఉంది. ఢిల్లీ వైపు హిందీలో "ఉస్‌నే కహా కి..." అని మొదలుపెడతారు. ఫారసీ నుంచి వచ్చిన 'కి' మధ్యలో ముడి వేస్తుంది. దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళు "ఆతా బోల్‌కే బోలా" అంటారు. 'బోల్‌కే' అంటే అచ్చంగా మన 'అని'. మాటలు ఉర్దూవి, జడ తెలుగుది.

బుర్ర మోయగలదా?

వర్ణన అంతా ముందుకు చేరి, వర్ణించబడేది ఆఖర్న వస్తే వినేవాడి జ్ఞాపకం ఏమైపోవాలి? 1960లో ఎమ్‌.ఐ.టి.లో యంత్రానువాదం మీద పనిచేస్తున్న విక్టర్ యింగ్వే సరిగ్గా ఈ ప్రశ్నే వేశాడు. ఎడమవైపుకు కొమ్మలు వేసే వాక్యాలు తాత్కాలిక జ్ఞాపకానికి భారమని, భాషలు అలాంటి లోతును తప్పించుకునే దారులు వెతుక్కుంటాయని ఊహించాడు. మన 'ఎంతంటే' అలాంటి దారే అనిపిస్తుంది.

కానీ కథ అంతటితో ఆగలేదు. శ్రవణ్ వాసిష్ఠ్, రిచర్డ్ లూయిస్ 2006లో హిందీ వాక్యాలతో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. హిందీ కూడా క్రియను చివర పెట్టే భాషే. క్రియకు ముందు దానికి సంబంధించిన మాటలు ఎక్కువైతే చదువరి ఆలస్యం చేయాలి కదా. కొన్ని వాక్యాల్లో తీరా క్రియ దగ్గరికొచ్చేసరికి వేగం పెరిగింది. ముందు వచ్చిన మాటలు బరువుగా ఉండడంతోపాటు రాబోయేదేమిటో సూచించడం కూడా చేశాయి. "జగ్గయ్యపేటలో రంగులు వేసిన" అనేసరికి వెనకాల వచ్చేది విగ్రహాలో, చెయ్యో, రోజో అయ్యుండాలని వినేవాడు సిద్ధమైపోతాడు. క్రియ తోక చూడగానే వాక్యం ముగిసిందా, నామవాచకం రాబోతోందా, మరో పని తగలబోతోందా అన్నది ముందే తెలిసిపోతుంది. 'వేసిన' తర్వాత నామవాచకం, 'వేసి' తర్వాత మరో క్రియ, 'వేశారు' అంటే చాలు.

నోటీసు బోర్డూ, నాలుగో తరగతీ

ఇంత పటిష్ఠమైన అల్లిక ఉన్న భాషలో కార్యాలయాల నోటీసులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. "ఎవరైతే ఇంకా పేర్లు నమోదు చేసుకోలేదో అటువంటి రైతులు మరియు కౌలుదారులు శుక్రవారంలోగా హాజరు కావలెను." ఎవరైతే... అటువంటి అన్న జంట పాత తెలుగులో లేకపోలేదు. కానీ ఇక్కడ అది ఇంగ్లీషు 'హూ'కు బదులుగా దిగింది, 'మరియు' 'అండ్'కు బదులుగా. అదే సంగతి ఊరివాడు చెబితే: "ఇంకా పేర్లు రాయించుకోని రైతులూ కౌలుదారులూ శుక్రవారంలోగా రావాలి." మాటలు తగ్గాయి. 'రాయించుకోని' ఎవరైతేను మింగేసింది, రెండు దీర్ఘాలు మరియును మింగేశాయి.

యంత్రాలకు తెలుగు నేర్పేవాళ్ళకూ ఇదే సమస్య ఎదురవుతుంది. తారక రామ, సౌమ్య వజ్జల తయారుచేసిన తెలుగు వాక్యాల నిధిలో 1,328 వాక్యాలున్నాయి. వాటిని కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన తెలుగు వ్యాకరణంలోంచి తీసుకుని ప్రతి మాటకూ వాక్యంలోని స్థానాన్ని గుర్తించారు. ఇలాంటి నిధిలో 'వేసిన' అన్న మాట దగ్గర ఆగి, ఇది విశేషణమా, ఒక ఉపవాక్యానికి తలా అని తేల్చాలి. ఇంగ్లీషు కోసం పుట్టిన గళ్ళలో అది తిన్నగా కూర్చోదు.

బడిలో నాలుగో తరగతి పిల్లవాడు "నువ్వొచ్చినందుకు సంతోషంగా ఉంది" అన్న వాక్యాన్ని ఇంగ్లీషు చేయబోయి ఉన్న వరసలోనే మాటలు మారుస్తూ పోతే చిక్కుకుపోతాడు. తోక నుంచి మొదలుపెట్టమని చెబితే దారి దొరుకుతుంది. ఆఖరి గుణాన్ని ముందుకు తెచ్చి, మధ్యలో 'దట్' పెట్టి, కారణాన్ని వెనక్కి పంపాలి. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పాలి. 'అందుకు' అన్నప్పుడు 'గ్లాడ్ దట్' చాలు. 'అని' అన్నప్పుడు నిజమో కాదో తేలని సంగతి కాబట్టి 'హి థాట్' అని ఒక ముక్క అదనంగా చేర్చుకోవాలి. ఆ తేడా పిల్లవాడికి ఇంట్లోనే వచ్చేసింది, ధర పెరిగినందుకూ పెరిగిందనీ అనే మాటల మధ్య వాడెప్పుడూ తడబడడు. ఇంగ్లీషు పాఠం అక్కణ్ణించి మొదలైతే వాడు కొత్తగా నేర్చుకోవాల్సింది వరస ఒక్కటే.